ఐదో కంచం

మా ఇంట్లో తినేది నలుగురం. నేను కడిగేది ఐదు కంచాలు.

ఐదోది మిగతా నాలుగింటి కన్నా కాస్త లోతుగా ఉంటుంది, అంచు చుట్టూ సన్నటి నీలం గీత. దాన్ని మిగతా అంట్లతో కలిపి పడేయకూడదు. ముందుగా దాన్నొక్కదాన్నే మెత్తటి పీచుతో, గోరువెచ్చటి నీళ్లతో కడగాలి. పొడిగుడ్డతో తుడవాలి. అలమరలో బోర్లించకూడదు, వెల్లకిలా పెట్టాలి. ఒకసారి తొందరలో బోర్లించేశాను. మా అత్తయ్య వెళ్లి దాన్ని తిప్పి పెట్టి వచ్చి, "వాడికి ఆకలేస్తే ఎవరు తిప్పి పెడతారు?" అంది. ఎంత మామూలుగా అందంటే, నేను నిజంగానే పొరపాటైపోయిందని చెప్పాను.

వాడంటే చిన్నోడు. మా అత్తయ్యకు మనవడు, మా అమ్మాయికి తమ్ముడు, నాకు కొడుకు. పుట్టలేదు.

పాప పుట్టి ఏడాది తిరక్కుండానే నాకు మళ్లీ నెల తప్పింది. ఆస్పత్రికి వెళ్లి తీయించుకున్నాను. చట్టం అప్పుడు ఒప్పుకునేది, ఇప్పటికీ ఒప్పుకుంటోంది, వచ్చే నెల ఓటింగు అయ్యాక ఏమవుతుందో ఎవరికీ తెలియదు. కారణం అడిగినవాళ్లకు అడిగినంతే చెప్పాను. డాక్టరుతో నీరసంగా ఉందన్నాను. మా ఆయనతో ఉద్యోగం పోతుందన్నాను. మా అక్కతో పాప ఇంకా పాలు తాగుతోందన్నాను. అన్నీ నిజాలే. వాటన్నిటికీ అడుగున ఉన్న నిజం మాత్రం ఒకటే, నాకు వద్దు. నీకు కావాలా వద్దా అని ఒక్కరూ అడగలేదు కాబట్టి ఆ మాట చెప్పే అవసరమే రాలేదు. మా ఆయన ఆస్పత్రి బెంచీ మీద కూర్చుని పేపరు చదివారు. ఇంటికి రాగానే వాళ్లమ్మకు చెప్పేశారు. "దాచడం నాకు చేతకాదు" అన్నారు, అదేదో గొప్ప గుణమైనట్టు.

అత్తయ్య అరవలేదు. అరిచి ఉంటే నాలుగు రోజులకు అయిపోయేది. పుట్టాల్సిన రోజు లెక్కేసుకుని, ఆ రోజు సాయంత్రం ఈ కంచం కొనుక్కొచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టింది. "వాడికి కూడా వడ్డించు" అంది. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన కూర గిన్నె వైపు చూశారు. తర్వాత గదిలో, "ముసలావిడ ముచ్చట, పోనీ. ఒక్క కంచమేగా!" అన్నారు.

మగపిల్లాడని ఎవరు చెప్పారు? ఏ డాక్టరూ చెప్పలేదు, చూసి చెప్పడానికి అప్పటికి అక్కడ ఏమీ లేదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు. మా అత్తయ్య సామెతను కూడా దాటేసింది. పేరుతో ఊరుకోలేదు, కంచం, కుర్చీ, గది, చలికాలానికి దుప్పటి, అన్నీ అమర్చింది. ఏటేటా వయసు కూడా పెంచింది. వాడుంటే ఈపాటికి ముద్దుముద్దుగా మాట్లాడేవాడు అనేది మొదట్లో. వాడుంటే లెక్కల్లో వాళ్ల తాతను మించేవాడు అనేది. ఆ 'ఉంటే' ఎప్పుడు జారిపోయిందో నేను గమనించలేదు. ఒకనాడు కూర తరుగుతూ, "వాడికి ఈ కాయ పడదు, దగ్గొస్తుంది" అంది. నేను కాయ మార్చేశాను. ఇప్పుడు వాడికి పదహారో ఏడు. పోయిన చలికాలం మీసకట్టు వచ్చింది.

ఒక్క కంచం అంటే ఏమిటో మా ఆయనకు తెలియదు. కంచంతో పాటు గ్లాసు. గ్లాసులో పొద్దున నీళ్లు సాయంత్రం మార్చాలి. వడ్డించేటప్పుడు మంచి ముక్క ముందు అందులో వేయాలి. వేసింది వెంటనే తీసేయకూడదు, ఆలస్యంగా వచ్చే పిల్లాడికి ఉంచినట్టు మూత పెట్టి సాయంత్రం దాకా ఉంచాలి. వారం వారం వాడి గదిలో దుప్పటి మార్చాలి, ఎవరూ పడుకోని పరుపును దులపాలి, ఎవరూ చదవని బల్ల తుడవాలి. నలుగురు మనుషుల చాకిరీ చేసి చేసి, మీద ఈ ఐదోవాడి చాకిరీ కూడా నేనే చేశాను. టేబుల్‌కి కుర్చీలు నాలుగే. అత్తయ్యకొకటి, ఆయనకొకటి, అమ్మాయికొకటి, చిన్నోడికొకటి. నేను వంటింటి గట్టు దగ్గర నిలబడి తింటాను. ఐదో కుర్చీ కొందామని ఒకసారి అంటే టేబుల్ చుట్టూ ఇరుకైపోతుందన్నారు ఆయన.

మా అమ్మాయిని అందరూ పిచ్చుక అంటారు. రెండు ముద్దలు తిని లేచిపోతుందని వాళ్ల నానమ్మ పెట్టిన పేరు. ఇప్పుడు దానికి పదిహేడేళ్లు. హాల్లో మడత మంచం మీద పడుకుంటుంది, ఎందుకంటే ఉన్న చిన్న గది చిన్నోడిది. పుస్తకం ముక్కుకు ఆనించుకుని చదువుతుంది. తలనొప్పి అంటే, "ఫోన్ చూసి చూసి" అంటారు వాళ్ల నాన్న. "వాడి కళ్లు వజ్రాలు" అంటుంది నానమ్మ. చిన్నప్పుడు అది, వాడి పుట్టినరోజుకు నానమ్మ కొన్న బొమ్మలు అడిగి ఏడ్చేది. తర్వాత ఏడవడం మానేసింది. మంచి పిల్ల, గొడవ పెట్టదు, అసలు ఇంట్లో ఉన్నట్టే ఉండదు అని చుట్టాలు మెచ్చుకునేవాళ్లు. నేనూ సంతోషించేదాన్ని.

హాల్లోంచి వంటింట్లోకి వెళ్లే తలుపు చట్రం మీద పెన్సిలు గీతలుంటాయి. పిల్లల ఎత్తు. ఎడమ పక్క పిచ్చుకవి, కుడి పక్క చిన్నోడివి. ఎడమ పక్కవి దాని పన్నెండో ఏట ఆగిపోయాయి. కుడి పక్కవి ఆగలేదు.

ఈ ఏడాది దేశం మొత్తం మా డైనింగ్ టేబుల్ లాగే తయారైంది. అబార్షన్ చట్టం ఉంచాలా, తీసేయాలా అని ఓటింగు పెట్టారు. తీసేయాలనేవాళ్లది పసిపాదాల గుర్తు, ఉంచాలనేవాళ్లది తెరిచిన అరచెయ్యి. ప్రతి తలుపు మీదా ఏదో ఒక స్టిక్కరు. మా అత్తయ్య పాదాల సంఘంలో పెద్దమనిషి. మా అక్క అరచేతి సంఘంలో మైకు పట్టుకునే మనిషి. వియ్యాలవాళ్ల మధ్య మాటల్లేవు. అక్క దగ్గర ఉంటుంది కాబట్టి మా అమ్మ నా గడప తొక్కడం మానేసింది, ఫోన్ చేసి కాసేపు ఏడ్చి, నన్నెవరూ చూడకుండా మందులు వేసుకోమని చెప్పి పెట్టేస్తుంది. ఏ మందులో ఇప్పటికీ నాకు తెలియదు.

నేను కళ్లజోళ్ల కొట్లో పనిచేస్తాను. చదివించే అక్షరాల పటం, ఫ్రేముల అద్దాల బీరువా, లోపల లెన్సు అంచులు అరగదీసే మిషను, దాని పక్కనే నేను టీ పెట్టాల్సిన స్టవ్వు. "చిన్న స్క్రూలకు ఆడవాళ్ల వేళ్లే కరెక్టమ్మా" అంటాడు యజమాని, అందుకని స్క్రూలన్నీ నావి, పేరు ఆయనది. పాదాల వాళ్లూ అరచేతి వాళ్లూ అదే కుర్చీలో కూర్చుని అవే అక్షరాలు తప్పు చదువుతారు. మొన్న పాదాల బ్యాడ్జీ పెట్టుకున్న ఒకావిడ వచ్చింది. రెండు కనుపాపల మధ్య దూరం కొలవాలంటే మొహం మొహానికి దగ్గరగా పెట్టాలి. స్కేలు ఆవిడ ముక్కు మీద ఆనించాను. "అలాంటి పని చేసిన ఆడదాని మొహం చూస్తే చాలమ్మా, నాకు ఇట్టే తెలిసిపోతుంది" అంది జానెడు దూరంలో ఉన్న నా మొహంతో. "అటూ ఇటూ చూడకండి, నన్నే చూడండి" అన్నాను. చాలాసేపు చూసింది. కొత్త కళ్లజోడు చాలా బాగుందని చెప్పి వెళ్లింది.

అప్పటికే ఇంట్లో ఏదో మొదలైంది.

ముందు కంచం. పదిహేనేళ్లుగా నేను మూత పెట్టి వెళ్లినది పెట్టినట్టే ఉండేది, సాయంత్రం తీసి పారేసేదాన్ని. కొన్నాళ్లుగా మూత తీస్తే కంచం ఖాళీ. అత్తయ్య పిల్లికి పెడుతోందేమో అనుకున్నాను. కానీ పిల్లి ఎముకలను కంచం అంచున వరసగా పేర్చదు. మా ఇంట్లో అలా పేర్చేవాళ్లు ఎవరూ లేరు. తర్వాత గ్లాసులో నీళ్లు సగానికి తగ్గడం. తర్వాత దిండు. దుప్పటి మార్చడానికి చిన్నోడి గదిలోకి వెళితే దిండు మధ్యలో గుంట ఉంది, తల పెట్టి లేచినట్టు. చెయ్యి పెట్టాను. నులివెచ్చగా ఉంది. ఎండ పడిందేమోనని కిటికీ వైపు చూశాను. ఆ కిటికీ మీద ఎండ ఎప్పుడూ పడదు.

నేను భయపడ్డాను అంటే అది సగమే నిజం. మిగతా సగం చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. దిండు దులుపుతూ, పోన్లే, ఇన్నాళ్లూ చేసిన చాకిరీ ఊరికే పోలేదు అనుకున్నాను. ఆ గదిలోంచి బయటికొచ్చి తలుపు చట్రం దగ్గర నిలబడ్డాను. కుడి పక్క కొత్త గీత ఉంది. అంతలో పిచ్చుక వంటింట్లోకి వెళ్తూ ఆ చట్రం పక్కన ఒక్క క్షణం ఆగింది. గీత సరిగ్గా దాని నడినెత్తికి వచ్చింది.

"ఏంటమ్మా అలా చూస్తున్నావు?" అంది.

"ఏం లేదు. తిన్నావా?"

"తిన్నాను" అంది. పొద్దున దాని కంచంలో వేసినవి వేసినట్టే వదిలేసిన సంగతి నాకు తెలుసు.

మరో రెండు రోజులకు, వీధిలో ఊరేగింపు వస్తోందని యజమాని మధ్యాహ్నమే షట్టరు దించేశాడు. ఇంటికి వచ్చేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల అత్తయ్య గొంతు. ఆ గొంతు నేనెన్నడూ విననిది, బెల్లం పాకంలా ఉంది. "ఇంకో ముక్క వేసుకోరా. ఎదిగే వయసు. సిగ్గుపడతావేం, నీ ఇల్లేగా" అంటోంది.

చెప్పులు విప్పకుండానే హాల్లోకి నడిచాను. అత్తయ్య తన కుర్చీలో ముందుకు వంగి కూర్చుని ఉంది, చేత్తో విసనకర్ర ఊపుతోంది. ఎదురుగా చిన్నోడి కుర్చీలో ఎవరో నాకు వీపు పెట్టి కూర్చుని తింటున్నారు. వెడల్పు భుజాల చొక్కా, తల చుట్టూ తువ్వాలు. మోచేతులు టేబుల్ మీద ఆనించి, ఎవరూ కాదనలేని హక్కుతో తింటున్నారు.

వెనక్కి తిరక్కుండానే, కాస్త బొంగురు గొంతుతో, "అమ్మా, నీళ్లు" అన్నారు.

నేను వెళ్లి నీళ్లు పోశాను. ఎవరని అడగలేదు, కేక వేయలేదు. పదిహేనేళ్లుగా ఆ గ్లాసు నింపిన చెయ్యి, నన్నడక్కుండానే నింపింది. నీళ్లు నిండి టేబుల్ మీదికి పొర్లాక గానీ నేను ఆ మొహం చూడలేదు. పిచ్చుక. బుగ్గ నిండా ముద్దతో నన్ను చూసి నవ్వింది. కంచం అంచున ఎముకలు వరసగా ఉన్నాయి.

"ఎందుకలా బిగుసుకుపోయావు? పిల్ల ఆకలికి తింటోంది" అంది అత్తయ్య. గొంతు మళ్లీ మామూలుగా మారిపోయింది.

వంటింట్లోకి లాక్కెళ్లి అడిగాను. అదేం దాచలేదు. దాచాల్సిన విషయమని దానికి తోచలేదు. "వాడి కంచంలో ముక్కలు పెద్దవమ్మా" అంది. "అందులో తింటే నానమ్మ పక్కన కూర్చుంటుంది. కథలు చెబుతుంది. నా కంచంలో తింటే టీవీ చూస్తుంది." వాడి గదిలో పడుకుంటే ఎవరూ లేపరని చెప్పింది. చట్రం మీద గీత కూడా నానమ్మే దాన్ని నిలబెట్టి గీసిందట. "మరి ఎడమ పక్క గీయమనలేకపోయావా?" అన్నాను. "అడిగాను. నీది ఇంక పెరగదులే అంది" అని చెప్పి, ఇంకో మాట చెప్పింది. ఆదివారం సాయంత్రం కూడలిలో పాదాల వాళ్ల పెద్ద సభ. వేదిక మీద చిన్నోడి కుర్చీ వేస్తారు. అందులో పిచ్చుక వాడిలా కూర్చుని, నేను పుట్టి ఉంటే అని మాట్లాడాలి. "నాకు మొత్తం కంఠతా వచ్చేసింది. చెప్పనా?" అంది. దాని కళ్లల్లో వెలుగు చూశాను. స్కూల్లో బహుమతి వచ్చినప్పుడు కూడా అంత వెలుగు లేదు.

మా ఆయనను అడిగితే ఆయన అలవాటు మాటే అన్నారు. "నేనేమన్నా అన్నానా? పిల్ల ఇష్టపడింది, అమ్మ ముచ్చటపడింది." చొక్కా గుండీలు విప్పుకుంటూ, "నువ్వు కూడా ఆ కుర్చీ పక్కన నిలబడితే నిండుగా ఉంటుందని సంఘం వాళ్లన్నారు. ఎక్కువేం వద్దు, చేసినదానికి బాధపడుతున్నానని చెబితే చాలు. ఒక్క మాటేగా" అన్నారు. ఒక్క కంచమేగా అన్న గొంతే. ఆయనకు లోకంలో ప్రతిదీ ఒక్కటే, చేసేది నేను కాబట్టి.

అక్కకు ఫోన్ చేశాను. నా మాట పూర్తవకముందే భగ్గుమంది. "వాళ్లు పిల్లను వేదిక ఎక్కిస్తారా! అయితే నువ్వు మా వేదిక ఎక్కవే. అదే రోజు, అదే టైముకి. నేను రాసిస్తాను, నువ్వు చదివితే చాలు. పిల్లను కూడా తీసుకురా, వాళ్ల మొహాలు మాడిపోవాలి."

"దానికి తలనొప్పిగా ఉంటోందక్కా. కళ్లు సరిగ్గా కనబడటం లేదేమో."

"అవన్నీ తర్వాత చూద్దాంలే. ముందు ఓటింగు గట్టెక్కనీ" అంది.

అక్క నాకు మంచే కోరింది. ఆ రోజు ఆస్పత్రిలో పాపను ఎత్తుకుని వరండాలో తిరిగింది అక్కే. అది నేను మర్చిపోలేను. కానీ ఫోన్ పెట్టేశాక కాసేపు గట్టుకు ఆనుకుని నిలబడ్డాను. ఒక వేదిక మీద పుట్టనివాడు కావాలి, ఇంకో వేదిక మీద వాడిని కననిదాన్నైన నేను కావాలి. పుట్టినది ఎవరికీ అక్కర్లేదు.

ఆదివారం పొద్దున నేను కూరగాయలకు వెళ్లి వచ్చేసరికి హాల్లో పాత పేపరు పరిచి ఉంది. దాని మీద పిచ్చుక జడ. రిబ్బను కూడా విప్పకుండా కత్తిరించేశారు. తలకు ఇటు పక్కా అటు పక్కా పొట్టిగా, మెడ తెల్లగా బయటపడి, చిన్నోడి నీలం చొక్కాలో అది అద్దం ముందు నిలబడి ఉంది. అత్తయ్య కత్తెర ఒళ్లో పెట్టుకుని కళ్లు ఒత్తుకుంటోంది. "అచ్చం అలాగే ఉన్నాడు" అంది. ఎవరిలా అని నేను అడగలేదు. చీపురు తెచ్చి వెంట్రుకలు ఊడ్చాను. జడను మాత్రం చెత్తలో వేయలేకపోయాను, సంచిలో పెట్టుకున్నాను. పట్టుకుంటే బరువుగా ఉంది.

వంట చేశాను. చెయ్యి చేసుకుపోతోంది, మనసు ఎక్కడో ఉంది. సభకు ముందు కడుపు నిండా తినాలని అత్తయ్య తొందరపెట్టింది. ఆవిడ కూర్చుంది, ఆయన కూర్చున్నారు, నీలం చొక్కా వెళ్లి చిన్నోడి కుర్చీలో కూర్చుంది. నేను వడ్డించాను. మంచి ముక్క ముందు నీలం గీత కంచంలో పడింది. ఆయన తల ఎత్తకుండా, "ఉప్పు కాస్త తగ్గింది" అన్నారు. ఇల్లంతా ఎప్పటికన్నా ప్రశాంతంగా ఉంది. వాళ్లు ముగ్గురూ ఎన్నో ఏళ్లుగా అలాగే తింటున్నట్టుంది.

నేను నా కంచం తీసుకుని గట్టు వైపు వెళ్లబోతుంటే అత్తయ్య పిలిచింది.

"ఇంక నువ్వు నిలబడి తినక్కర్లేదమ్మా. రా, మాతో కూర్చో. పిచ్చుక కుర్చీ ఖాళీయే కదా."

ఎంత ప్రేమగా అంది! ఇన్నేళ్లలో నన్ను ఆ టేబుల్ దగ్గరికి పిలవడం అదే మొదటిసారి. పొద్దున్నుంచీ నిలబడి నిలబడి నా కాళ్లు లాగేస్తున్నాయి. నిజం చెబుతున్నాను, నేను నాలుగడుగులు వేశాను. కుర్చీ వెనక్కి లాగాను. దాని మీద పిచ్చుక కూర్చునే పాత దిండు ఉంది, మధ్యలో దాని బరువుకు పడిన గుంట. టేబుల్ మీద చూశాను. అత్తయ్య కంచం, ఆయన కంచం, చిన్నోడి కంచం, నా చేతిలో నా కంచం. పిచ్చుక కంచం లేదు. అలమరలోనే ఉంది. ఎవరూ తీయొద్దని చెప్పలేదు. తీయనిది నేనే.

"పిచ్చుకా" అన్నాను.

అది తింటోంది. తల తిప్పలేదు.

"పిచ్చుకా!"

ముద్ద నోట్లో పెట్టుకుంది. విననట్టు నటించడం కాదు. మా పిల్ల నటిస్తే నాకు తెలుస్తుంది. పక్కింటివాళ్ల పిల్లను పిలిస్తే మనం ఎలా పట్టించుకోమో అలా తింటోంది.

"దాన్నిప్పుడెందుకు పిలుస్తావు?" అంది అత్తయ్య. ఆయన, "తిననీ. తర్వాత పిలవొచ్చుగా" అన్నారు.

కంచం టేబుల్ మీద పెట్టేసి వెళ్లి దాని మొహం రెండు చేతుల్లో పట్టుకున్నాను. కొట్లో పట్టుకున్నట్టే, జానెడు దూరంలో. దాని చూపు నా చెవి పక్కగా ఎక్కడికో పోతోంది. "అటూ ఇటూ చూడకు. నన్నే చూడు" అన్నాను. కళ్లు చికిలించింది. ఇంకా చికిలించింది. ఆ కళ్లకు నేను ఎన్నాళ్లుగా మసగ్గా కనబడుతున్నానో అప్పుడు తెలిసింది. చాలాసేపటికి చూపు నా మీద ఆగింది. బొంగురు గొంతు పోయి దాని గొంతే వచ్చింది.

"అమ్మా, వాణ్ణి వద్దన్నావు కదా. మరి నన్నెందుకు ఉంచావు?"

దాన్ని ఆ ప్రశ్న ఎన్నేళ్లుగా తినేస్తోందో! పక్కనున్న ఖాళీ కుర్చీని చూస్తూ, వాడి బదులు పుట్టకుండా పోయింది నేనే కావచ్చు కదా అనుకుంటూ పెరిగిందా నా తల్లి? దాని మొహం వదలకుండానే చెప్పాను.

"నువ్వు కావాలనుకున్నాను కాబట్టి ఉన్నావు. నన్నెవరూ బలవంతం చేయలేదు, నిన్ను కనమని ఎవరూ చెప్పలేదు. నేనే కావాలనుకున్నాను. వాణ్ణి వద్దనుకున్నదీ నేనే. ఆ రోజు వాణ్ణి వద్దనుకున్నదాన్ని, నిన్నూ వద్దు అనగలిగేదాన్నే కదా. అనలేదు. నువ్వు కావాలి అనుకున్నాను. అర్థమైందా? నువ్వు మిగిలిపోయినదానివి కాదు. నేను అడిగి తెచ్చుకున్నదానివి."

అత్తయ్య ఏదో అనబోయింది. ఆయన "ఇప్పుడెందుకివన్నీ, సభకు టైమవుతోంది" అన్నారు. నాకు వద్దు అన్న ఆ మాట నేను ఇంతకుముందు ఎవరితోనూ అనలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆయన నాతో పదిహేడేళ్లకు పైగా కాపురం చేసి, నాకు ఏది కావాలో ఏది వద్దో నా నోటి నుంచి అప్పుడే వింటున్నారు. విని కూడా గోడ గడియారం వైపు చూశారు.

పిచ్చుక చెయ్యి కంచంలోంచి తీసింది. చొక్కా చేతులు మరీ పొడుగ్గా ఉన్నాయి, అంచుకు కూర అంటింది. మెడ మీద తడుముకుంది, జడ కోసం. "నా జుట్టు" అంది, అప్పుడే తెలిసినట్టు. "నా దగ్గరుంది" అన్నాను. అది లేచి నిలబడింది. చిన్నోడి కుర్చీ నేల మీద కీచుమంది.

"ఎక్కడికి?" అన్నారు ఆయన.

"కొట్టుకు. తాళంచెవి నా దగ్గరే ఉంది. దీని కళ్లు చూడాలి."

"మరి సభ?"

"ఏ సభకూ రావట్లేదు. మీదానికీ, మా అక్కదానికీ. ఓటు వేసే రోజు నేనొక్కదాన్నే వెళ్లి వేసి వస్తాను. అప్పటిదాకా నా కడుపు సంగతి నన్నెవరూ అడగొద్దు, నా కూతురితో చెప్పించొద్దు."

గొంతు పెంచలేదు. వంట అయిందని చెప్పినట్టే చెప్పాను. చిన్న గది తలుపు తీసి, మడత మంచం మీది పిచ్చుక దుప్పటి, పుస్తకాలు తెచ్చి ఆ పరుపు మీద పెట్టాను. వచ్చాక అది అక్కడే పడుకుంటుంది. అలమరలోంచి దాని కంచం తీసి, దాని కుర్చీ ముందు పెట్టాను. సంచి భుజాన వేసుకున్నాను. పిచ్చుక గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటోంది, వంగి, చేత్తో తడుముకుంటూ.

అత్తయ్య ఇంకా టేబుల్ దగ్గరే ఉంది. ఆవిడ మమ్మల్ని చూడటం లేదు. సగం తిని వదిలేసిన నీలం గీత కంచాన్నే చూస్తోంది. ఆవిడ మొహం ఒక్కసారిగా చాలా ముసలిదైపోయింది. జాలేసింది. జాలేసినా ఆగలేదు.

"అదేంటి, అలా వెళ్లిపోతావేం? వాడి కంచం ఎవరు కడుగుతారు?" అంది.

"పదహారో ఏడొచ్చింది అత్తయ్యా. వాడి కంచం వాడు కడుక్కోడా?" అన్నాను.

తలుపు దగ్గరగా వేశాను. పిచ్చుక నా చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ పాదంతో వెతుక్కుంటూ దిగుతోంది. మొదటి మలుపు దాకా వచ్చామో లేదో, పైన మా వంటింట్లో కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. కంచం మీద నీళ్లు పడుతున్న చప్పుడు, తర్వాత మెత్తగా పీచుతో రుద్దుతున్న చప్పుడు. టేబుల్ దగ్గర అత్తయ్య, మా ఆయన మాట్లాడుకుంటున్న గొంతులు కూడా వినిపిస్తున్నాయి, ఇద్దరివీ.

"ఎవరమ్మా?" అంది పిచ్చుక.

"ఎవరైతేనేం, నేను కాదు" అని, దాని చెయ్యి గట్టిగా పట్టుకుని కిందికి దిగాను.